టంకశాల తప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

గోదావరి జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం. చేతికి వచ్చిన నాణెం వింతగా ఉంది. అది మింట్‌లో జరిగిన పొరపాటా, బయట చేతులు మారుతూ పాడైందా?

జవాబులకు ముందు నాణెం ఎలా తయారవుతుందో నాలుగు మాటల్లో. లోహపు పట్టీ నుంచి పంచ్‌తో గుండ్రటి బిళ్ళలు కోస్తారు. బిళ్ళను ఇరుకు గాడిలో దొర్లించి అంచు కాస్త ఉబికేలా చేస్తారు. కాల్చి మెత్తబరిచి, కడిగి ఆరబెట్టి ప్రెస్‌కి పంపుతారు. అక్కడ పైన ఒక డై (బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు), కింద ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు ఉంటాయి. ఒక్క దెబ్బకి రెండు వైపులా బొమ్మ పడుతుంది, లోహం పక్కకు పారకుండా కాలర్ ఆపుతుంది. అసలైన మింట్ తప్పు ఏదైనా ఈ మెట్లలో ఏదో ఒకచోట పుట్టాలి. ఏ మెట్టు దగ్గర పుట్టిందో చెప్పలేని తప్పుని మేము నమ్మం.

1998 నాటి రూపాయి బిళ్ళకి అంచున చంద్రవంకలా ఒక ముక్క లేదండి. మా వీధి కంసాలి గారి కాటా మీద 4.52 గ్రాములు తూగింది. ఎవరో కత్తిరించారని మావారు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

మీరు తూకం వేయించి రాయడం వల్ల మా పని సగం తేలికైంది. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి వ్యాసం 25 మి.మీ., బరువు 4.85 గ్రాములు. మీ దాంట్లో 0.33 గ్రాము తక్కువ. కాబట్టి లోహం పోయిన మాట నిజం. బొమ్మ పడకముందు పోయిందా, పడ్డాక పోయిందా అన్నదే తేలాలి.

కోత దగ్గర పట్టీ సరిగా ముందుకు జరగకపోతే, పంచ్ అంతకుముందు కోసిన రంధ్రం మీదికి కొంత వచ్చి పడుతుంది. అప్పుడు బిళ్ళ చంద్రవంక గంటుతోనే పుడుతుంది. ఆ రంధ్రం చేసింది కూడా అదే సైజు పంచ్ కాబట్టి, గంటు వంపు దాదాపు నాణెం వంపుతో సమానంగా ఉండాలి. అదే సైజు రూపాయి ఇంకొకటి తెచ్చి గంటులో ఆనించండి. అతికినట్టు కూర్చుంటే మంచి సూచన. వంపు మరీ బిగుతుగా, వేలిగోరంత ఉంటే అది గుండ్రటి ఆకురాయితో చేసిన పని. గంటు తిన్నగా ఉంటే వెంటనే కొట్టిపారేయకండి, పట్టీ కొసన కోసిన బిళ్ళలకి అలా కూడా వస్తుంది.

తర్వాత, గంటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. నకిలీ చేసేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయే చోటు ఇదే. బిళ్ళ గాడిలో దొర్లేటప్పుడు రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉండాలి. గంటు ఉన్న వైపు ఆనడానికి లోహం లేదు కాబట్టి ఎదురు వైపు కూడా ఒత్తిడి తగ్గి, అక్కడ అంచు ఉబకదు. నాణెం అయ్యాక ఆ చోట అంచు పలచగా, ఒక్కోసారి పూర్తిగా చదునుగా కనిపిస్తుంది. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. గంటు బాగా చిన్నదైతే ఇది స్పష్టంగా కనిపించకపోవచ్చు, దాని ఒక్కదాని కోసం నాణేన్ని తోసిపుచ్చకూడదు. మీ నాణెంలో పోయింది మొత్తం బరువులో ఏడు శాతం దాకా ఉంది కాబట్టి కనిపించి తీరాలి.

చివరిగా గంటు పక్కన అక్షరాలు. అచ్చు పడేటప్పుడు లోహం ఖాళీ ఉన్న వైపు పారుతుంది. అందువల్ల గంటు దగ్గర అక్షరాలు, గీతలు ఆ వైపుకి సాగినట్టు, మసకబారినట్టు ఉంటాయి. తర్వాత కోసిన నాణెంలో అక్షరం కోత దాకా పూర్తి ఎత్తులో వచ్చి టక్కున తెగిపోతుంది. కోసిన ముఖం మీద ఆకురాయి గీతలో, కత్తెర నొక్కులో ఉంటాయి.

మీరు పంపిన ఫొటోలో ఎదురు అంచు పలచగానే ఉంది, గంటు పక్కన ధాన్యపు కంకి గీతలు సాగినట్టు ఉన్నాయి. మింట్ తప్పనే మా అభిప్రాయం. వంపు కూడా కలిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

రెండు వైపులా బొమ్మ ఉంది, ఒకవైపు మాత్రం తిరగబడి లోపలికి దిగి ఉంది. ఇది చాలా అరుదంటున్నారు, నిజమేనా? (అమలాపురం)

అసలుదైతే అరుదే. దీన్ని బ్రాకేజ్ అంటారు. అచ్చు పడిన నాణెం బయటికి రాకుండా ఒక డైకి అంటుకుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్ళకి ఆ వైపు డై బదులు అంటుకున్న నాణెం ముఖం గుద్దుకుంటుంది. ఫలితంగా ఒకవైపు సింహాలు మామూలుగా ఉంటే, రెండోవైపు అవే సింహాలు అద్దంలో చూసినట్టు తారుమారై లోతుగా పడతాయి. అక్కడ ఉండాల్సిన అంకె వైపు బొమ్మ జాడ కూడా ఉండదు, ఎందుకంటే ఆ డై ఈ బిళ్ళని తాకనేలేదు.

బయట చేసేది వైసు (రెండు దవడల మధ్య వస్తువును బిగించే పనిముట్టు) పని. రెండు నాణేలను కలిపి వైసులో బిగిస్తారు, లేదా ఒకదాని మీద ఒకటి పెట్టి సుత్తితో కొడతారు. అప్పుడు కూడా తిరగబడ్డ అక్షరాలు పడతాయి. కానీ కింద అసలు బొమ్మ నలిగిపోయి అక్కడే ఉంటుంది, తిరగబడ్డ అక్షరాలు దాని మీదుగా అడ్డదిడ్డంగా పోతాయి. వెనకవైపు ఎత్తుగా ఉన్న భాగాలు వైసు దవడకి ఆని చదునై మెరుస్తుంటాయి.

మీ ఫొటోలో తిరగబడ్డ అశోక స్తంభం కింద ‘2’ అంకె ఆనవాలు స్పష్టంగా ఉంది. ఇది వైసులో చేసిందే. ఎవరైనా ఎక్కువ ధర చెప్పి అమ్మి ఉంటే తిరిగి ఇచ్చేయమని మా సలహా.

రెండు వైపులా సింహాలున్న ఐదు రూపాయలు కొనమంటున్నారు. (మండపేట)

కొనకండి. గారడీ వాళ్ళ కోసం ఇలాంటివి తయారుచేస్తారు. ఒక నాణేన్ని లేత్ మీద లోపల తొలిచి, ఇంకోదాన్ని పలచగా చెక్కి అందులో కూర్చోబెడతారు. అంచు ఉబ్బుకి లోపలి వైపు భూతద్దంతో చుట్టూ చూస్తే వెంట్రుకంత అతుకు గీత కనిపిస్తుంది. గచ్చు మీద వేస్తే ఖంగుమనకుండా మొద్దుగా మోగుతుంది. బరువు కూడా సాధారణంగా తేడా వస్తుంది.

వంతెన కింద అయస్కాంతం వేసి తీసిన నాణేలు పిల్లల దగ్గర కొన్నాను. కొన్నిటికి అక్షరాలు సన్నగా ఉన్నాయి, ఒకటి ఎర్రగా రాగిలా ఉంది. అది వేరే లోహం మీద అచ్చు పడిన తప్పా? (కొవ్వూరు)

గోదావరి దాటేటప్పుడు రైల్లోంచి నాణెం విసిరి దండం పెట్టుకోవడం మనకి అలవాటు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన నాటి నుంచి వేసినవి అక్కడ ఇసకలో ఉన్నాయి. అయస్కాంతానికి అన్నీ అంటవు. 1992 తర్వాతి స్టీలు రూపాయి, 1988 నుంచి వచ్చిన స్టీలు యాభై పైసలు, పావలా, పది పైసలు అంటుతాయి. 1962–74 మధ్య రూపాయి శుద్ధ నికెల్, 10 గ్రాములు, అదీ అంటుతుంది. 1983–91 రూపాయి మాత్రం రాగి నికెల్ మిశ్రమం, 6 గ్రాములు, అంటదు. రాగి, ఇత్తడి, అల్యూమినియం బిళ్ళలు కూడా అంటవు.

నదిలో నాణేనికి రెండు రకాల చేటు జరుగుతుంది. ఒకటి ఇసక ఒరిపిడి. వరద వచ్చినప్పుడల్లా ఇసక నాణెం మీద రుద్దుకుపోతుంది. అందువల్ల ఎత్తుగా ఉన్న భాగాలన్నీ ముందు అరుగుతాయి, అంచు పలచబడుతుంది, నాణెం బరువు తగ్గుతుంది. జిడ్డు నిండిన డై వల్ల అక్షరాలు మసకబారినప్పుడు అలా కాదు. మసక ఒకచోటే ఉండి పక్కన అంతా పదునుగా ఉంటుంది, బరువు కూడా తగ్గదు. సన్నబడటం నాణెమంతా సమానంగా ఉంటే ఇసకనో, ఆసిడ్‌నో అనుమానించాలి.

రెండోది రసాయనికం. రాగి నికెల్ నాణెం తడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటే పైపొరలో నికెల్ కరిగిపోయి రాగి మిగులుతుంది. మీ ఎర్ర నాణెం అలాంటిదే అయి ఉంటుంది. అంచున కనపడని చోట సూదితో చిన్న గీత గీయండి. లోపల తెల్లగా ఉంటే పైపొర మాత్రమే మారిందని అర్థం. ఒక అనుమానం: అయస్కాంతం వేసి తీశామన్నారు, మీ ఎర్రది అయస్కాంతానికి అంటుతోందా? అంటితే అది స్టీలుదో, శుద్ధ నికెల్‌దో, రాగి నికెల్‌ది మాత్రం కాదు. ఆ ఎరుపు తుప్పుదో, ఎవరో పూసిన రాగి పూతదో. అంటకపోతే పిల్లలు చేత్తో ఏరిన వాటిలో కలిసింది.

అంతర్వేది వైపు ఉప్పునీళ్ళలో దొరికే అల్యూమినియం పైసలకి గుంటలు, చిల్లులు పడి తెల్లటి పొడి కనిపిస్తుంది. వాటినీ మింట్ తప్పులుగా అమ్ముతున్నారు. ఉప్పు అల్యూమినియాన్ని అలాగే చుక్కలు చుక్కలుగా తినేస్తుంది.

సంవత్సరం కింద స్టార్ లేని రూపాయి దొరికింది. స్టార్ వేయడం మర్చిపోయారా? (కాకినాడ)

మర్చిపోలేదు. స్టార్ హైదరాబాద్ మింట్ గుర్తు. ముంబైది డైమండ్, నోయిడాది గుండ్రటి చుక్క. కోల్‌కతా మింట్ ఏ గుర్తూ వేయదు. సంవత్సరం కింద ఏ గుర్తూ లేకపోతే మీది కోల్‌కతా నాణెం. స్టార్ సగం మాత్రమే కనిపిస్తే అప్పుడు చూడాల్సిన విషయం ఉంది. డై గుంటలో జిడ్డు, లోహపు పొడి పేరుకుంటే అక్కడ లోహం ఎక్కదు. లైటు ఏటవాలుగా పడేలా పెట్టి భూతద్దంలో చూస్తే మిగతా సగం నీడలా కనిపిస్తుంది. గీకేసి ఉంటే ఆ చోట నాణెం ఉపరితలం కాస్త దిగి, సన్నటి గీతలు కనిపిస్తాయి.

అక్షరాలన్నీ రెండేసి కనిపిస్తున్నాయండి. డబుల్ డై అని చెప్పి మా ఊళ్ళో ఒకాయన చాలా ధర అడుగుతున్నారు. (భీమవరం)

ఇందులో మోసపోయేవాళ్ళు ఎక్కువ, అమ్మేవాళ్ళకీ చాలామందికి తేడా తెలియదు. కాబట్టి కాస్త వివరంగా.

డబుల్ డై అంటే డై తయారీలోనే జరిగిన తప్పు. డై మీద బొమ్మను ఒకటి కంటే ఎక్కువసార్లు ఒత్తేటప్పుడు రెండో ఒత్తు కాస్త పక్కకి పడితే, ఆ డైలోనే రెండు బొమ్మలు నిలిచిపోతాయి. దాంతో కొట్టిన ప్రతి నాణెంలోనూ అదే తేడా, అదే చోట వస్తుంది. ఆ రెండో గీత గుండ్రంగా, మొదటి దానంత ఎత్తుగా ఉంటుంది. అక్షరం కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. మొత్తం మీద అక్షరం మామూలు కంటే లావవుతుంది.

మనకి రోజూ దొరికేది మెషిన్ డబ్లింగ్. ప్రెస్‌లో డై బిగువు తగ్గి వదులైతే, అచ్చు పడిన మరుక్షణం డై కాస్త జారి, అప్పుడే లేచిన అక్షరం పక్కని నొక్కేస్తుంది. అందువల్ల రెండో గీత మెట్టులా చదునుగా, తక్కువ ఎత్తులో, మెరుస్తూ ఉంటుంది. ఆ మెట్టు అక్షరం లోహంలోంచే వచ్చింది కాబట్టి అసలు అక్షరం సన్నబడుతుంది. స్టీలు నాణేల్లో ఇది మామూలు. మింట్‌లోనే జరిగినా సేకర్తలు దీనికి విలువ ఇవ్వరు.

భూతద్దం పది రెట్లు పెద్దదిగా చూపేది కావాలి. అక్షరం లావయిందా, సన్నబడిందా అని చూడండి. లావైతే అదే సంవత్సరం, అదే మింట్ గుర్తు ఉన్న నాణేలు ఎక్కువగా పోగేసి, అదే చోట అదే తేడా ఉన్న జత దొరుకుతుందేమో వెతకండి. దొరికితే డబుల్ డై అనడానికి బలమైన ఆధారం. మీ ఫొటోలో ఉన్నది మెట్టే.

మామూలు కంటే వెడల్పైన రెండు రూపాయలు. బరువు సరిపోయింది. కాలర్ లేకుండా కొట్టినదేనా? (నిడదవోలు)

బరువు సరిపోయి వ్యాసం పెరిగితే రెండు దార్లు: కాలర్ లేకుండా పడిన అచ్చు, లేదా రైలు పట్టా. కాలర్ లేనప్పుడు లోహం చుట్టూ సమానంగా పారుతుంది. నాణెం గుండ్రంగానే ఉంటుంది, మధ్య బొమ్మ సరైన సైజులో పదునుగా ఉంటుంది, అంచు గట్టు మాత్రం ఉండదు. చక్రం కింద నలిగిన నాణెం ఒక దిక్కుకి సాగి కోడిగుడ్డు ఆకారం అవుతుంది, బొమ్మ కూడా దాంతోపాటు సాగుతుంది, ఉపరితలం నున్నబడుతుంది. మీరు అడ్డంగా 29, నిలువుగా 26 మి.మీ. అని రాశారు. అది పట్టా పనే.

బొమ్మ వైపు నుంచి తిప్పితే బొరుసు తలకిందులుగా వస్తోంది. (తాడేపల్లిగూడెం)

నాణేన్ని పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి పట్టుకుని పక్కకి తిప్పండి. మన రిపబ్లిక్ నాణేల్లో రెండో వైపు కూడా నిటారుగా రావాలి. తలకిందులుగా వస్తే ఒక డై దాని గూట్లో తిరిగిపోయిందన్న మాట. ఇది బయట చేయడం కష్టం కాబట్టి ఎక్కువగా అసలుదే అవుతుంది, అయినా అంచు లోపల అతుకు లేదని చూసుకోండి. పది పదిహేను డిగ్రీల వంకర చాలా నాణేల్లో ఉంటుంది, దాన్ని తప్పుగా లెక్కించరు.

పది రూపాయల నాణెం మధ్య బిళ్ళ లేదు, రింగు మాత్రమే ఉంది. (రావులపాలెం)

రింగు లోపలి అంచు మీద వేలు పెట్టి నిమిరి చూడండి. మధ్య బిళ్ళ లేకుండానే ప్రెస్‌లో అచ్చు పడితే లోహం ఖాళీలోకి పారి, రంధ్రం అంచు మొద్దుబారి లోపలికి జారుతుంది. బయట ఊడగొట్టిన దానికి అంచు నిటారుగా, పదునుగా ఉండి, బిళ్ళ పట్టుకున్న గాడి ఆనవాలు మిగులుతుంది. ఊడగొట్టినవే ఎక్కువ. పిల్లలచేత ఇలా ఊడగొట్టించకండి. నాణేన్ని ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం కింద నేరం.

మా అమ్మమ్మ గారి విక్టోరియా రూపాయిలకి పైన చిన్న బొడిపె ఉంది. ఇంకో విషయం, పొలంలో దొరికిన పాత రాగి నాణేలకి బొమ్మ పక్కకి పడి ఉంది. ఇవి తప్పులేనా? (పాలకొల్లు)

రెండూ కావు. డై బీటలు వారినా, ముక్క ఊడినా ఆ ఖాళీలోకి లోహం ఎక్కి నాణెం మీద ఎత్తైన గీతగానో బుడిపెగానో వస్తుంది, అది నిజమే. కానీ మీ రూపాయిల్లో బొడిపె అన్నిటికీ తల పైన, అంచు మీదే ఉందన్నారు. అది దండలో గుచ్చడానికి కొక్కెం అతికించి తీసేసిన చోట మిగిలిన టంకం. ఆ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. బరువు కాస్త పెరిగితే టంకం వల్ల, తగ్గితే ఆకురాయి వల్ల.

ఇక పొలంలో దొరికినవి. కాలర్ ఉన్న యంత్రాలు రాకముందు బిళ్ళను డై మీద పెట్టి సుత్తితో కొట్టేవారు. డై బిళ్ళ కంటే పెద్దది, కాబట్టి బొమ్మలో కొంత భాగమే పడటం మామూలు. చక్కగా మధ్యలో పడితేనే విశేషం. భూమిలో దొరికిన వాటి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి: విలువ పది రూపాయలు దాటిన నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాలి. ఏ మడిలో, ఎంత లోతులో, ఏమేమి కలిసి దొరికాయో రాసి పెట్టండి. ఆ వివరం పోతే ఆ నాణేలు చెప్పే చరిత్ర సగం పోయినట్టే.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలకి లక్షలు ఇస్తామని ఫోన్ వచ్చింది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు. (రాజోలు)

కట్టకండి. ఆ నాణెం 2012లో ఐదు, పది రూపాయల విలువలతో విడుదలైంది, చెలామణీలో కూడా తిరిగింది. ఫోన్లో చెప్పే లక్షలకి ఆధారం లేదు. పాత నాణేల కొనుగోలు పేరుతో తన పేరు వాడుకుని ఫీజులు, కమీషన్లు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నిజంగా కొనేవాడు నాణెం చూసి డబ్బు ఇస్తాడు, మీ దగ్గర ముందు తీసుకోడు.

అంచు గంటు ఉన్న నాణెం ఒకటి అసలుదేనని తేలింది. చిలుము పట్టి ఉంది. చింతపండుతో తోమి అమ్ముదామనుకుంటున్నాను. (నర్సాపురం)

దయచేసి తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద, రాగి చెంబులు తోమే పొడి, అన్నీ నాణెం పైపొరను తీసేస్తాయి. అచ్చు పడినప్పుడు లోహం పారిన ఆనవాలు ఆ పైపొరలోనే ఉంటుంది. తప్పు అసలుదని చూపించే సాక్ష్యం అదే. తోమిన నాణెం పచ్చిగా మెరుస్తుంది, కొనేవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు.

డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టండి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి. మెత్తటి నూలు బట్ట మీద పెట్టి అద్దండి, రుద్దకండి. జిడ్డు ఉంటే అసిటోన్‌లో ఒక నిమిషం ముంచి తీయొచ్చు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, గాజు గిన్నెలో చేయాలి. గోళ్ళ రంగు తీసే ద్రావణం పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. చిలుము అప్పటికీ వదలకపోతే అలాగే ఉంచండి.

సముద్రం దగ్గర గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కాబట్టి దాచడం ముఖ్యం. మెత్తగా వంగే పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్ళకి ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు వాడండి. పిన్ను నాణేనికి తగలకుండా కొట్టాలి. హోల్డర్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, వానాకాలంలో పొట్లం మారుస్తూ ఉండండి. హోల్డర్ మీద బరువు, వ్యాసం, ఎక్కడ దొరికిందో రాయండి. రాసేది నాణెం పెట్టక ముందే రాయాలి, లేకపోతే పెన్ను ఒత్తిడికి నాణెం మీద గీత పడుతుంది.